ఆమేన్ మింగిన పెట్టె

మా ఆవిడ దేవకుమారి ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు నిడదవోలు మొత్తంలో ఎవరూ లేరు. మా పెళ్ళిఫొటోలో కోటు వేసుకుని బిగుసుకుపోయి నేనుంటాను. నా పక్కన తెల్లటి మసక ఒకటి ఉంటుంది. ఆ మసకే ఆవిడ. ఫొటోగ్రాఫరు బతిమాలి బతిమాలి అలిసిపోయి, "అమ్మా, మీరు ఆగినప్పుడు కబురు పెట్టండి, వచ్చి తీస్తాను" అని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ రాలేదు. మిషను స్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసి, రిటైరయిన రోజున కూడా సన్మానం కుర్చీలో కూర్చోకుండా పిల్లల్ని వరసల్లో నిలబెట్టి, తన దండ తనే వేసుకుని ఇంటికొచ్చేసింది.

అలాంటి మనిషిని రాజమండ్రి కంటి డాక్టరు రెండు వారాలు బోర్లా పడుకోమన్నాడు.

కంటి లోపలి తెరకి నడిమధ్యలో చిన్న చిల్లు పడిందట. ఆపరేషన్ చేసి, కంట్లోకి గ్యాసు బుడగ ఎక్కించారు. తల కిందికి వంచి ఉన్నంతసేపూ ఆ బుడగ పైకి తేలి చిల్లుని నొక్కిపట్టి ఉంచుతుంది. తల ఎత్తితే పక్కకి జారిపోతుంది. ఆవిడ రెండో కన్ను చిన్నప్పటి నుంచీ మందమే. ఉన్నది ఈ ఒక్క కన్నూ. "చిల్లు మూసుకుందంటే చూపొస్తుందమ్మా. మూసుకోలేదంటే ఎదుటి మనిషి మొహం ఉండాల్సిన చోట నల్లమచ్చ ఉంటుంది, అంతే" అన్నాడు డాక్టరు.

నేను కాలవల డిపార్టుమెంటులో లస్కరుగా చేసినవాణ్ణి. లాకు తలుపులు ఎత్తడం, దించడం నా ఉద్యోగం. గట్టుకి గండి పడితే ఇసక బస్తా వేసి, అది కదలకుండా దానిమీద మనిషిని కూర్చోబెట్టేవాళ్ళం. అందుకని గ్యాసు బుడగ సంగతి నాకు ఇట్టే అర్థమైంది. మా ఆవిణ్ణి ఎలా ఆపాలన్నదే అర్థం కాలేదు.

ఇంట్లో పాత నవారు మంచం ఉంటే, తలవైపు నవారు పట్టీలు రెండు పక్కకి జరిపి మొహం పట్టేంత సందు చేశాను. చుట్టూ దిండ్లు పేర్చాను. దేవకుమారి ఆ సందులో మొహం పెట్టి బోర్లా పడుకుంది. ఆవిడకి కనిపించే ప్రపంచమంతా మంచం కింద గచ్చే. గంట తిరక్కుండానే ఆ ప్రపంచాన్ని కూడా డ్రిల్లులో పెట్టేసింది.

"ఏవండీ, ఇక్కడ వక్కపలుకు పడుంది. ఎన్నాళ్ళనించి ఉందో! హెలెన్ని చీపురు తెమ్మనండి."

హెలెన్ మా ఆవిడ చెల్లెలు. అక్కకి సాయానికని సామర్లకోట నుంచి వచ్చింది. "అక్కా, ఊడిస్తే దుమ్ము లేస్తుందే. దుమ్ము లేస్తే తుమ్ముతావు. తుమ్మితే తల లేస్తుంది" అంది వంటింట్లోంచి.

"తుమ్మనులే."

"అయితే ముందు కాళ్ళు ఆపు. పడుకునే లెఫ్ట్ రైట్ కొడుతున్నావు."

నిజమే. తల వంచమంటే వంచింది గానీ, పాదాలు మంచం పట్టె మీద కవాతు చేస్తూనే ఉన్నాయి. ఆవిడ కాళ్ళు ఆగితే చేతులు, చేతులు ఆగితే నోరు. చూస్తున్న నాకూ ఒక చోట నిలవబుద్ధి కాలేదు. వీధరుగు మీదకి పోవడం, మళ్ళీ లోపలికి రావడం, గడియారం వైపు చూడడం, అది నిన్నటి టైమే చూపిస్తున్నట్టుండడం.

పాటలు వింటుంటే కుదురుగా ఉంటుందేమోనని హెలెన్ తన సెల్‌ఫోన్లో క్రైస్తవ భక్తిగీతాలు పెట్టింది. ఆవిడ నిజంగానే ఆగింది! పాదాలు నిద్రపోయాయి. నేను గడప మీద కూర్చుని, మా పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిణ్ణి తీరిగ్గా చూస్తున్నాను. సరిగ్గా రెండో చరణం మధ్యలో ఎవడో, 'మీ వంటింట్లో మంచి కారప్పొడి ఉందా?' అని అరిచాడు.

"ఎవడే వాడు?" అని తల ఎత్తేసింది.

"ప్రకటన అక్కా, ప్రకటన! వంచు, వంచు!"

"పాటలోకి కారం ఎందుకే?"

కారప్పొడి తరవాత ఇన్సూరెన్సు, ఇన్సూరెన్సు తరవాత ఎవరో ఫోను. ఆ తరవాత రోడ్డు తవ్వేవాళ్ళు కేబులు కోసేశారని నెట్టే లేదు. పాట ఆగిపోయిన ప్రతిసారీ ఆవిడ తల లేచేది, హెలెన్ 'వంచు, వంచు' అని పరిగెత్తుకొచ్చేది.

మొదటి పరీక్షకి కారులో రాజమండ్రి తీసుకెళ్ళాం. వెనకసీట్లో హెలెన్ ఒళ్ళో దిండు, దిండు మీద మా ఆవిడ మొహం. కొవ్వూరు దాటి వంతెనెక్కగానే దిండులోంచి, "గోదారి ఎంతుందండీ?" అంది.

"ఏం చెప్పమంటావు? పులసలు రోడ్డు మీదకొచ్చి ఆటో బేరమాడుతున్నాయి. ధవళేశ్వరానికి ఎంతంటే, ఆటోవాడు మనిషికింతే చేపకీ అంతే అంటున్నాడు."

నవ్వుకి ఆవిడ భుజాలు ఊగాయి. హెలెన్ ముందుకి వంగి నా చెవి మెలిపెట్టింది. "బావగారూ, నవ్వించకండి. నవ్వితే తల లేస్తుంది!"

డాక్టరు లోపలికి చూసి పెదవి విరిచాడు. "అంచులు దగ్గరికొస్తున్నాయి గానీ ఇంకా కలవలేదు. తల లేస్తోందా అమ్మా?"

"లేదండి" అంది దేవకుమారి, అబద్ధమాడ్డం చేతగాని మనిషి గొంతుతో.

"గ్యాసు రోజూ కొంచెం కొంచెం కరిగిపోతుంది. అది ఉన్నప్పుడే మూసుకోవాలి. ఆనక నేను చెయ్యగలిగిందేం లేదు" అన్నాడాయన నా వైపు చూస్తూ.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ గోదారి ఎంతుందని అడగలేదు.

మా వీధి చివర శశిభూషణ్ గారని బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయిన ఆయనున్నారు. కోనసీమ మనిషి. నలుగురూ ఇంట్లో మంచాలు వేసుకునే చోట ఆయన స్పీకర్లు వేసుకున్నారు. వాళ్ళావిడ వరహాలక్ష్మి గారు వంటింట్లోంచి హాల్లోకి రావాలంటే వైర్లు దాటుకుంటూ తొక్కుడుబిళ్ళ ఆడుతున్నట్టు వస్తారు. ఆయన దగ్గరికెళ్ళి, "మేనేజరుగారూ, ప్రకటన రాకూడదండి. నెట్టు పోయినా ఆగకూడదండి. తెర చూసి నొక్కే పని ఉండకూడదండి. అలాంటి పాటల పెట్టె ఏదైనా ఉందా?" అని అడిగాను.

ఆయన మొహం పండగొచ్చినట్టయింది. "మ్యూజిక్ సర్వర్ అంటారండి దాన్ని. మీ పాటలన్నీ దాని కడుపులోనే ఉంటాయి. బయటివాడితో పనిలేదు."

"మన హోటల్లో సర్వరు ఇడ్లీ అంటే వడ తెస్తాడు. ఇదీ అంతేనా?"

"సాల్మన్ గారూ, మీతో ఇదే గొడవండి. వినండి. నా దగ్గర రెండున్నాయి. రెండూ మీ ఇంట్లో పెట్టి చూద్దాం. మీ ఆవిడగారికి ఏది కుదిరితే అలాంటిదే కొనుక్కోండి. తొందరపడి కొనకండి."

"తొందరేనండి. ఆవిడ కంట్లో గ్యాసు అయిపోతోంది."

మా లూథరన్ గుడి నూరేళ్ళ పండక్కి కోయిరు పాడిన పాటలన్నీ పెన్‌డ్రైవులో ఉన్నాయి. ఆ కోయిర్లో మా ఆవిడా ఉంది. పాడుతూ ముందుకీ వెనక్కీ ఊగుతుంటే మైకు పట్టుకోలేక, ఆవిడ చుట్టూ మూడు మైకులు పెట్టారని నేను అందరికీ చెబుతుంటాను. శశిభూషణ్ గారు ఆ పాటలు రెండు పెట్టెల్లోకీ ఎక్కించి, చిన్న పెట్టె ముందు తెచ్చారు. కొబ్బరిచిప్పంత ఉంది. కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టరుకి తగిలించారు. చేతికి తగిలే బొత్తాలున్న రిమోటు మా ఆవిడ గుప్పిట్లో పెట్టారు.

"ఇది మామూలు సరుకండి. మా చుట్టాలొస్తే పెట్టేది" అన్నారు చిన్నబుచ్చుకుంటూ. "దీంట్లో క్రాస్‌ఫేడ్ అని ఒక దిక్కుమాలిన ఏర్పాటుంది. ఒక పాట అయ్యేలోపే దాని తోక మీద రెండో పాట ఎక్కించేస్తుంది. పెళ్ళిళ్ళలో డాన్సులు ఆగకుండా వాడతారు. సంగీతం మీద గౌరవం ఉన్నవాడు దాని జోలికి పోడు. నా రెండో పెట్టెలో అయితే అది లేనే లేదు. దీంట్లో ఆపేసే ఉంచాను."

పాట మొదలైంది. నాకు కాలు నిలవక, చాప పట్టుకెళ్ళి మంచం కింద వెల్లకిలా పడుకున్నాను. పైన నవారు సందులోంచి ఆవిడ మొహం, కింద నా మొహం. కంటికి కట్టిన పల్చటి ప్లాస్టిక్ మూతలోంచి నన్ను చూసి, "మీరేంటి ఇక్కడ, పాలేరులా" అంది.

"తోడు. నువ్వు తల ఎత్తితే నాకు తెలుస్తుంది."

పాట జరుగుతున్నంతసేపూ కదల్లేదు. అయిపోగానే ఆవిడ మొహం సందులోంచి మాయమైంది. "తల! తల!" అని అరిచాను. మళ్ళీ వచ్చింది.

"ఏదో గుయ్యిమంటోందండీ, దోమలా."

అదిగో, దొరికింది దోషం! చిన్న పెట్టెలో డిస్కు తిరిగే చప్పుడు. పరుగెత్తుకెళ్ళి శశిభూషణ్ గారితో చెప్పాను. రెండో పెట్టె వచ్చింది. నల్లగా, బరువుగా, భూమికి అతుక్కుపోయినట్టుంది. ఊపిరి కూడా తియ్యదు. దాని ఖరీదు ఆయన నా చెవిలో చెప్పారు. నేను ఇంకెవరి చెవిలోనూ చెప్పను.

ఆహా, ఆ పెట్టెలో పాట! గుడి తలుపు తెరిచినట్టుంది. "ఏవండీ, విన్నారా? ఈ దగ్గు మా కోయిరు దీనమ్మది! పాపం ఆ రోజు జలుబు చేసి కూడా వచ్చింది" అని మురిసిపోయింది మా ఆవిడ. శశిభూషణ్ గారు కుర్చీలో కళ్ళు మూసుకుని, దగ్గు కూడా అంత శుద్ధంగా వినిపించినందుకు తల ఊపారు.

పాట అయిపోయింది. ఆవిడ తల లేచింది.

ఈసారి మునపటి కంటే చురుగ్గా లేచింది. స్పీకర్లు ఈ మూలనుంచి ఆ మూలకి మార్చాను. మంచం తూర్పుకి తిప్పాను. దిండు గలీబు మార్చాను. కిటికీ మూశాను, గాలాడక మళ్ళీ తెరిచాను. ప్రతి పాటకీ అదే వరస. పాట నడిచినంతసేపూ రాయి, అవగానే తల పైకి.

"నేను కావాలని ఎత్తడం లేదండీ. దానంతటదే లేస్తోంది" అంది. అంత గట్టి మనిషి గొంతులో మొదటిసారి బెరుకు విన్నాను. "ఈ కన్ను పోతే నేను నడవడానికి కూడా మీ చెయ్యి పట్టుకోవాలి కదండీ?"

భయమేస్తే నేను చేసే పనొకటే, కోతలు కొయ్యడం. మళ్ళీ మంచం కింద చేరి మా లంక గ్రామంలోని అప్పాజీ తాత సంగతి ఎత్తుకున్నాను. ఆయన సంఘపెద్ద. ప్రార్థన మొదలెడితే ఆపడం ఎరగడు. ఒకసారి బయట నారు పోస్తుండగా మొదలెట్టాడు. నాట్లయ్యాయి, కలుపులయ్యాయి. నడుమ వరదొచ్చి గుళ్ళో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. చేపలు మా వేళ్ళ సందుల్లో తిరిగాయి. ఒక్క తల లేవలేదు, ఒక్క కన్ను తెరుచుకోలేదు. ఆయన ఆమేన్ అని మేం తలలెత్తి చూసేసరికి బయట కుప్పలు నూరుస్తున్నారు.

"కోతలు" అంది ఆవిడ, నవ్వుతూనే. "కానీ మా నాన్నగారూ అంతేనండోయ్. ఆమేన్ అవ్వకుండా తల ఎత్తితే ఆ పూట మాకు అన్నం లేదు. ఏం, హెలెన్?"

"ఒక్కసారే ఎత్తానే. ఆ రోజు చేపలపులుసు కూడాను" అంది హెలెన్ వంటింట్లోంచి.

ఇంకో పాట పెట్టించాను. శశిభూషణ్ గారు కుర్చీలో, హెలెన్ వంటింటి గుమ్మంలో పీట మీద చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ, నేను మంచం కింద. పాట చివరికొచ్చింది. కోయిరంతా కలిసి గొంతులు పెంచి, సాగదీసి, 'ఆ... మేన్' అన్నారు.

ఠక్కుమని నా నుదురు మంచం పట్టెకి తగిలింది.

చుక్కలు కనిపించాయి. ఆ చుక్కల్లోంచే చూస్తే పైన మా ఆవిడ మొహం లేదు. తల తిప్పి చూస్తే గుమ్మంలో హెలెన్ చిక్కుడుకాయ చేత్తో పట్టుకుని, గెడ్డం పైకెత్తి ఉంది. ఇంట్లో కదలని తల ఒక్కటే. శశిభూషణ్ గారిది.

"మేనేజరుగారూ!" అని అరిచాను. "పెట్టెలో దోషం లేదండి. మాలో ఉంది. ప్రతి పాట చివరా ఆమేన్ వస్తోంది. పుట్టినప్పటి నుంచీ ఆమేన్ అంటే తల ఎత్తేవాళ్ళం. మీ మంచి పెట్టె దాన్ని ఇంకా బాగా వినిపిస్తోంది!"

ఆయన నన్ను, నా నుదుటి బొప్పిని మార్చి మార్చి చూశారు. "అయితే ఏం చేద్దామంటారు?"

"ఆ దిక్కుమాలిన ఏర్పాటుందన్నారే, తోక మీద పాట ఎక్కించేది. అది పెట్టండి."

"క్రాస్‌ఫేడా? సాల్మన్ గారూ! ఇంత పెట్టె వదిలేసి... పాట చివర కోసేస్తారా ఎవరైనా?"

"కోయడం కాదండి. కప్పడం."

"దానికి చప్పుడుంది కదండీ, దోమలా?"

"వంటింటి గూట్లో పెడతాను. వైరు పొడుగ్గా లాగుదాం."

"కందిపప్పు డబ్బా పక్కన జాగా ఉంది" అంది హెలెన్.

శశిభూషణ్ గారు తన నల్లపెట్టెను పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పక్కన పెట్టి, ఫోను తీసి చిన్న పెట్టెకి ఆ ఏర్పాటు ఎన్ని సెకన్ల దాకా పెరుగుతుందో అన్నీ పెట్టారు. పెడుతున్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

పాట చివరికొచ్చింది. 'ఆ' అని కోయిరు నోరు తెరిచింది. ఆ నోట్లోంచే తరవాతి పాట హార్మోనియం ఊరుతూ వచ్చి, ఆమేన్‌ని మింగేసింది. పైన నవారు సందులో ఆవిడ గెడ్డం కొంచెం కదిలింది. గెడ్డం మళ్ళీ కిందికి దిగింది.

"ఏవండీ, పాట అవ్వకుండానే ఇంకోటి మొదలెట్టారేంటి?"

"కోయిరోళ్ళకి పాసింజరు రైలు టైమైందట. తొందరపడుతున్నారు."

ఆవిడ ఒంటికన్నుతో నన్ను కాసేపు చూసింది. "అలాగా" అంది. అంతే.

అప్పటినుంచీ మా ఇంట్లో ఆమేన్ నిషేధం. భోజనం ముందు ప్రార్థన హెలెన్ పెరట్లో చేసుకునేది. నేనయితే రైల్వే గేటు దాకా వెళ్ళి అనేసి వచ్చేవాణ్ణి. ఏ పాటా పూర్తికాని ఇల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. తుమ్ము వచ్చి ఆగిపోయినట్టుండేది. కూర్చుంటే లేవాలని, లేస్తే ఇంకేదో మిగిలిపోయిందని. ఆవిడ మాత్రం దిండ్ల మధ్య మొహం పెట్టి, పాదాలతో కవాతు చేస్తూ, చేతులతో నవారు పీకుతూ, తల మటుకు ఎత్తకుండా ఉంది.

మధ్యలో ఓ గండం వచ్చింది. మా గుడి పాస్టరు జాషువా అయ్యగారు ఆవిణ్ణి చూసి ప్రార్థన చేసి వెళదామని వచ్చారు. గేటు దగ్గరే అడ్డంపడ్డాను.

"అయ్యగారూ, ప్రార్థన ఎంతసేపైనా చెయ్యండి. చివరి మాట మాత్రం లోపల అనొద్దండి."

"చివరి మాటంటే?"

"మీరు అన్నారంటే ఆవిడ తల ఎత్తుతుందండి. బయటికొచ్చి అనుకోండి."

ఆయన మంచి మనిషి. లోపల చక్కగా ప్రార్థన చేసి, ముగింపు దగ్గరికి రాగానే కళ్ళు మూసుకునే లేచి, నేను చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే గడప దాటి, గేటు దాటి, రోడ్డు మీద నిలబడి గట్టిగా ఆమేన్ అన్నారు. అటుగా పోతున్న గేదె తల ఎత్తి చూసింది. ఆ గేదె లూథరనని అప్పుడే తెలిసింది మాకు.

చివరి పరీక్షకి వెళ్ళేటప్పుడు వంతెన మీద ఆవిడ, "నా కంట్లోనూ గోదారి ఉందండీ. బుడగ అంచు నీళ్ళమట్టంలా కనిపిస్తోంది, రోజూ కొంచెం దిగుతోంది" అంది. కాలవ కట్టేసే రోజుల్లో మట్టం దిగుతుంటే చూసి సంతోషించినవాణ్ణి కాను ఎప్పుడూ. ఇప్పుడు ఆవిడ కంట్లో మట్టం పూర్తిగా దిగేలోపు చిల్లు మూసుకుని ఉండాలి. దారంతా ఒక్క కోత కూడా కొయ్యలేకపోయాను. హెలెన్ భయపడి, "బావగారూ, ఒంట్లో బాగుందా?" అని అడిగింది.

డాక్టరు మిషనులో చూశాడు. మళ్ళీ చూశాడు. తెర మీద బొమ్మ తిప్పి నాకు చూపించాడు. నాకేం తెలుస్తుంది, గట్టు మీద మట్టి కప్పినట్టు ఓ గీత, తెగకుండా ఇటునించి అటుదాకా ఉంది.

"మూసుకుందండి. బుడగ పూర్తిగా పోయేదాకా వెల్లకిలా పడుకోకుండా ఉంటే చాలు. ఇంక తల ఎత్తండమ్మా."

ఆవిడ ఎత్తలేదు.

"అమ్మా, ఎత్తొచ్చండీ."

"ఆయన్ని అనమనండి" అంది, నేల చూస్తూనే.

"ఏం అనాలే?" అన్నాను.

"ఇన్ని రోజులూ నా దగ్గర దాచిన మాట. కోయిరోళ్ళకి రైలు టైమైందట! దీనమ్మ దగ్గు గుర్తుపట్టిన దాన్ని, ఆమేన్ పోయిందని తెలీదనుకున్నారా? ప్రార్థన ఇంకా అవ్వలేదులే అని వంచుకుని పడి ఉన్నాను. ఇప్పుడనండి."

నారు పోసినప్పటి నుంచి కుప్ప నూర్చేదాకా మాట్లాడగలవాణ్ణి, ఆ ఒక్క మాట కోసం నోరు తెరిచాను. దగ్గాను. దీనమ్మ కూడా అలా దగ్గి ఉండదు. డాక్టరు పెన్ను చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. హెలెన్ నా వీపు మీద గుద్దింది.

"ఆమేన్" అన్నాను.

దేవకుమారి తల ఎత్తింది. కంటి మూత తీయించుకుని, నీళ్ళమట్టం పైనుంచి చూస్తున్నట్టు గెడ్డం కొంచెం సాచి, నా మొహంలోకి చూసింది. సరిగ్గా నడిమధ్యకి.

"మీసం ఎడమవైపు ఎక్కువ కత్తిరించారు" అంది. "నుదుటి మీద ఆ బొప్పేంటండీ?"

నేను బొప్పి తడుముకునేలోపే కుర్చీలోంచి లేచింది. "హెలెన్, ఆ సంచీ తీసుకో. దారిలో శశిభూషణ్ గారికి పూతరేకులు కొనాలి. పాపం, మన కోసం పాట చివర తెగ్గోశాడు మహానుభావుడు" అంటూ తలుపు దాటేసింది. డాక్టరు, "మెల్లగా అమ్మా, మెల్లగా" అంటూనే ఉన్నాడు. నేను గుమ్మంలోకి వచ్చి చూసేసరికి ఆసుపత్రి వరండా చివర తెల్లటి మసక ఒకటి మలుపు తిరుగుతోంది.